బందరు రోడ్డు చివర సముద్రం



ఈ రోజుల్లో మన సంఘాల్లో ఏ ఇంటికి వెళ్ళినా కాఫీ కంటే ముందు ఫోను చేతికిస్తున్నారు. కొడుకో, కూతురో, అల్లుడో ఆస్ట్రేలియాలో ఉంటారు. మెల్‌బోర్న్ నుంచి కారులో సముద్రపు ఒడ్డు వెంట వెళ్ళి వచ్చిన రోజున తీసుకున్న ఫోటోలు అందులో ఉంటాయి. ఒక పక్క కొండ, ఒక పక్క నీలిసముద్రం, మధ్యలో మెలికలు తిరుగుతూ రోడ్డు. చూడముచ్చటగా ఉంటుంది, కాదనను.

ఆ రోడ్డు పేరు గ్రేట్ ఓషన్ రోడ్. పొడవు 243 కిలోమీటర్లు. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి ప్రాణాలతో తిరిగివచ్చిన సైనికులు, సుమారు 3,000 మంది, 1919 నుంచి 1932 వరకు పలుగు, పార పట్టుకుని కొండ అంచును తొలిచి వేశారు. యుద్ధంలో తిరిగిరాని తోటివారి జ్ఞాపకార్థం వేసిన రోడ్డు అది. దారిలో స్మారక తోరణం కూడా ఉంది. అంతటి రోడ్డు మీద మన పిల్లలు ఎక్కువగా ఫోటో దిగేది ఒక చోట. సముద్రంలో నిటారుగా నిలబడిన సున్నపురాతి స్తంభాల దగ్గర. వాటికి 'పన్నెండుమంది అపొస్తలులు' అని పేరు. పేరు పెట్టేనాటికి ఉన్నవి తొమ్మిదే! 2005లో ఒకటి కూలిపోయి ఇప్పుడు ఎనిమిది మిగిలాయి. అంతకుముందు వాటినే 'తల్లిపంది, పందిపిల్లలు' అని పిలిచేవారు. ఆ పాత పేరే ఉండి ఉంటే మన అత్తమ్మలు ఆ ఫోటోను సంఘమంతా తిప్పి చూపించేవారా అన్నది నా అనుమానం.

ఆ ఫోటో చూసి మురిసిపోతున్న తల్లిని, "మన సముద్రం ఎప్పుడు చూశారమ్మా?" అని అడిగి చూడండి. చాలామంది సిగ్గుపడి నవ్వుతారు. కంకిపాడు, తోట్లవల్లూరు, పామర్రు పక్క పల్లెల్లో పుట్టి, కాలువ నీళ్ళలో నడుం వంచి నలభై ఏళ్ళు నాట్లు వేసిన తల్లులున్నారు. ఆ కాలువ చివర ఉన్న సముద్రాన్ని ఒక్కసారీ చూడనివారు వారిలో తక్కువేమీ కాదు. మగవారికి ఏదో పని మీద బందరు వెళ్ళే అవకాశం వస్తుంది. ఆడవారికి పెళ్ళి, పురుడు, ఆసుపత్రి తప్ప ప్రయాణం ఎక్కడిది? అందుకే ఈ నెల మన శీర్షికలో ఆస్ట్రేలియాను పిల్లలకు వదిలేసి, విజయవాడ నుంచి ఒక్క రోజులో వెళ్ళి వచ్చే మన తీరం గురించి వ్రాస్తున్నాను.

కారు ఉన్నవారి సంగతి సరే. లేనివారికి విజయవాడ పండిట్ నెహ్రూ బస్ స్టేషన్ నుంచి మచిలీపట్నానికి తెల్లవారుజామునుంచే బస్సులున్నాయి. దూరం 70 కిలోమీటర్లు, రెండు గంటల ప్రయాణం. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో స్త్రీలకు టిక్కెట్టు లేదు. గుర్తింపు కార్డు ఒకటి దగ్గర పెట్టుకుంటే చాలు. 'డబ్బులెక్కడివి' అనే మాట ఇక చెల్లదు.

బందరు రోడ్డులో కంకిపాడు దాటాక కిటికీ పక్కన కూర్చున్న పిల్లవాడిని నిద్రపోనివ్వకండి. ఉయ్యూరు దగ్గర చెరకు తోటలు, చక్కెర ఫ్యాక్టరీ. పామర్రు వచ్చేసరికి కనుచూపు మేర వరి. ఈ పంటంతా 1852లో మొదలై 1855లో పూర్తయిన బెజవాడ ఆనకట్ట చలవ. ఆ పాత ఆనకట్ట స్థానంలోనే 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. ఒకప్పుడు ఈ కాలువలే రోడ్లు. ధాన్యం, కలప, మనుషులు, మిషనరీ దొరల పుస్తకాల పెట్టెలు కూడా పడవల మీదే బెజవాడకు, బందరుకు తిరిగేవి. బందరు దగ్గరయ్యే కొద్దీ పైరు పలచబడి తాటిచెట్లు, చేపల చెరువులు, రొయ్యల చెరువులు కనిపిస్తాయి. గాలి తగలగానే తేడా తెలుస్తుంది. నాలుక మీద ఉప్పు రుచి అందుతుంది.

బందరులో దిగగానే లడ్డూల దుకాణం వెతుక్కోవడం అందరికీ తెలిసిందే. తిరుగు ప్రయాణంలో కొనుక్కోండి. ముందు నోబుల్ కళాశాల చూడండి. రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ అనే ఇద్దరు చర్చి మిషనరీ సొసైటీ దొరలు 1841లో ఇక్కడికి వచ్చారు. ఫాక్స్ పల్లెలు తిరిగి సువార్త చెప్పారు. నోబుల్ 1843లో బడి పెట్టి ఆ బడిలోనే ఉండిపోయారు. 1852లో ఆ బడి విద్యార్థులైన ఐనాల భూషణం, మంచాల రత్నం బాప్తిస్మం పొందినప్పుడు ఊరంతా అట్టుడికింది. తల్లిదండ్రులు పిల్లల్ని బడి మాన్పించారు. అయినా ఆయన ఊరు వదలలేదు. 24 ఏళ్ళలో ఒక్కసారి కూడా స్వదేశం వెళ్ళకుండా 1865లో బందరులోనే ప్రభువునందు నిద్రించారు. నేడు కృష్ణా-గోదావరి అధ్యక్ష మండలంలో ఎన్నో సంఘాల మూలాలు ఈ ఊరి వైపే చూపిస్తాయి.

డచ్చివారి సమాధుల తోట, శిథిలమైన బందరు కోట కూడా చూడదగినవే. సమాధి రాళ్ళ మీద చెక్కిన అక్షరాలు మూడు వందల ఏళ్ళు దాటినా చెరగలేదు. పిల్లల చేత ఆ సంవత్సరాలు చదివించండి. చరిత్ర పుస్తకంలో చదివి మరచిపోయినది అక్కడ వేలితో తడిమితే గుర్తుంటుంది.

కోట దగ్గర నిలబడి పిల్లలకు చెప్పవలసిన సంగతి ఇంకొకటి ఉంది. 1864 నవంబరు 1 రాత్రి సముద్రం ఈ ఊరి మీదికి వచ్చింది. నీరు 13 అడుగుల ఎత్తున లేచింది. సుమారు 30,000 మంది పోయారు. షార్కీ దొర దంపతులు నడుపుతున్న ఆడపిల్లల బడిలోని బిడ్డలు కూడా ఆ రాత్రి కొట్టుకుపోయారు. నోబుల్ దొర అప్పుడు ఊళ్ళోనే ఉన్నారు. తరువాతి సంవత్సరమే ఆయన కన్నుమూశారు. పెద్ద రేవుగా వెలిగిన బందరు ఆ దెబ్బ నుంచి తేరుకోలేదు. ఓడల వ్యాపారం ఇతర రేవులకు తరలిపోయింది. 2023లో కొత్త ఓడరేవు పనులు మొదలయ్యాయి గనుక ఇప్పుడు అటువైపు లారీల రాకపోకలు ఎక్కువ. ఆటోలో వెళ్ళేవారు జాగ్రత్త.

అక్కడి నుంచి మంగినపూడి 11 కిలోమీటర్లు. తెల్లని ఇసుక ఊహించుకుని వెళ్ళేవారు నిరాశపడతారు. అక్కడిది నల్లమట్టి, కాలు పెడితే మెత్తగా దిగబడుతుంది. కానీ ఒడ్డున లోతు తక్కువ. అందుచేత మొదటిసారి సముద్రం చూస్తున్న పెద్దవారికి, చిన్నపిల్లలకు ఇదే అనువు. కార్తిక పౌర్ణమికి, మాఘ పౌర్ణమికి వేలాదిమంది స్నానాలకు వస్తారు. ఆ రోజులు మానుకుంటే మీకూ సుఖం, వారికీ సుఖం.

దివిసీమ వైపు వెళ్ళాలంటే బందరు నుంచి చల్లపల్లి, మోపిదేవి మీదుగా అవనిగడ్డ చేరాలి. విజయవాడ నుంచి నేరుగా వచ్చేవారు పామర్రు దగ్గర తిరిగి కూచిపూడి, మొవ్వ మీదుగా రావచ్చు. సొంత వాహనం ఉంటే కృష్ణ కరకట్ట మీదుగా రండి. ఒక పక్క నది, ఒక పక్క అరటి, పసుపు, కంద. ఆస్ట్రేలియా ఫోటోలకు ఇది ఏమాత్రం తీసిపోదని నా అభిప్రాయం. కాకపోతే రోడ్డు ఇరుకు. ఎదురుగా ట్రాక్టరు వస్తే ఎవరో ఒకరు ఆగాలి. ఆగేవారు మీరే కండి. ఆ దారిలో ఘంటసాల బౌద్ధ స్తూపం దగ్గర ఒక అరగంట ఆగినా మంచిదే.

పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలవుతుంది. ఆ రెండు పాయలకూ సముద్రానికీ మధ్య ఉన్నదే దివిసీమ. పులిగడ్డ అక్విడక్టు మీదుగా కాలువ నీరు నదిని దాటి సీమలోకి వెళుతుంది. కింద నది, పైన కాలువ. పిల్లలకు ఇంతకంటే మంచి ఇంజనీరింగు పాఠం ఏముంటుంది?

అవనిగడ్డ నుంచి కోడూరు, కోడూరు నుంచి హంసలదీవి. సరుగుడు తోటలు మొదలవుతాయి. ఇళ్ళ ముందు వలలు ఆరేసి ఉంటాయి. పాలకాయతిప్ప, సొర్లగొంది, నాలి, మూలపాలెం... ఈ పేర్లు మీకు ఎక్కడో విన్నట్లు అనిపిస్తే మీ ఇంట్లో పెద్దవారిని అడగండి. 1977 నవంబరు 19, శనివారం. ఆ సాయంకాలం తాటిచెట్టు ఎత్తున అల వచ్చిందని బ్రతికి బయటపడినవారు చెబుతారు. మైళ్ళకొద్దీ లోపలికి ఉప్పునీరు చొచ్చుకువచ్చింది. దాదాపు పదివేల మంది చనిపోయారు. పశువులకు లెక్కే లేదు. తెల్లవారితే ఆదివారం. ఆరాధనకు రావలసిన కుటుంబాలకు కుటుంబాలే లేవు. గంట కొట్టడానికి గుడి మిగలని ఊళ్ళు కూడా ఉన్నాయి. మండలి వెంకట కృష్ణారావుగారు వంటి నాయకులు, నానా మతాల సేవకులు, దేశవిదేశాల సంఘాలు వచ్చి శవాలను తీసి, ఇళ్ళు కట్టి, బావుల్లో ఉప్పునీరు తోడారు. చర్చీల సేవాసంస్థ కాసా కూడా ఈ తీరంలో పనిచేసింది.

రోడ్డు పక్క స్తంభాల మీద ఎత్తుగా నిలబడిన పాత కాంక్రీటు భవనాలు కనిపిస్తే అవి తుపాను ఆశ్రయాలని పిల్లలకు చూపించండి. 1977 తరువాత తీరం పొడవునా కట్టినవి. 1990 మే నెలలో దాదాపు అంత తుపానే మళ్ళీ కృష్ణ ముఖద్వారం దగ్గర తీరం దాటింది. ఈసారి లక్షలాదిమందిని ముందుగా తరలించారు. చనిపోయినవారు వెయ్యిలోపే. వెయ్యి కూడా తక్కువేం కాదు. కానీ పదివేలకూ వెయ్యికీ మధ్య ఉన్న తేడా ఆ వికారమైన సిమెంటు కట్టడాలే, ముందుగా వినిపించిన హెచ్చరికే. వాటి ముందు ఎవరూ ఫోటో దిగరు.

ఆ ఊళ్ళ గుండా వెళ్ళేటప్పుడు కారులో పాటలు కాస్త తగ్గించమని యౌవనస్థులకు నా మనవి. పాటలు తప్పని కాదు. మీరు ఎవరి వాకిలి ముందు నుంచి వెళుతున్నారో ఆ ఇంట్లో ఒకే రాత్రి భర్తనూ బిడ్డలనూ పోగొట్టుకున్న ముసలమ్మ ఉండవచ్చు. ఆస్ట్రేలియావారు తమ రోడ్డు ఎవరి జ్ఞాపకమో చెప్పడానికి తోరణం కట్టారు. మన కోడూరు రోడ్డు మీద అటువంటి తోరణం లేదు. మనమే తెలుసుకుని వెళ్ళాలి.

హంసలదీవి ఊళ్ళో వేణుగోపాలస్వామి ఆలయం ప్రసిద్ధి. అక్కడి నుంచి సముద్రపు ఒడ్డుకు, ఒడ్డు వెంట కృష్ణ సాగరంలో కలిసే చోటికి ఇంకా కొంత దూరం ఉంది. ఇసుకలో కారు దిగబడితే లాగడానికి మనుషులు దొరకరు. పోటు వచ్చే వేళ అయితే మరీ ప్రమాదం. నడవగలిగినంత నడవండి. నది ఎక్కడ ఆగిందో, సముద్రం ఎక్కడ మొదలైందో గీత గీసినట్టు కనిపిస్తుందనుకుంటాం. అలా కనిపించదు. నీటి రంగు మెల్లగా మారుతుంది. మహాబలేశ్వరం దగ్గర పుట్టి, నాలుగు రాష్ట్రాలు తిరిగి, మన పొలాలన్నీ తడిపి వచ్చిన నది అక్కడ ఏ హడావుడీ లేకుండా కలిసిపోతుంది. పక్కన మడ అడవులు. అది అభయారణ్యం, బావురుపిల్లి తిరిగే చోటు. అటవీశాఖ అనుమతి లేకుండా లోపలికి వెళ్ళకండి. తాగే నీరు, భోజనం ఇంటి నుంచే తెచ్చుకోవాలి. పులిహోర అయితే ఎండకు త్వరగా చెడదు. తిన్న విస్తళ్ళు, సీసాలు తిరిగి సంచిలో వేసుకుని రండి.

ఇక అసలు విషయానికి వస్తాను. సూర్యలంక, వాడరేవు, హంసలదీవి వంటి తీరాల్లో స్నానాలకు దిగిన యువకులు మునిగిపోయిన వార్త లేకుండా ఒక్క ఏడాదీ గడవడం లేదు. అందులో మన సంఘాల పిల్లలూ ఉంటున్నారు. యువజన కూటం పిక్నిక్ అని ఇంట్లో చెప్పి వెళతారు. పాస్టరుగారు ఉన్నారు గదా అని తల్లిదండ్రులు ధైర్యపడతారు. నలభై మంది పిల్లలను ఒక్క పాస్టరుగారు ఎలా కాస్తారు? పదిమందికి ఒక పెద్ద చొప్పున ఒడ్డున నిలబడేవారు దొరకకపోతే ఆ ప్రయాణం వాయిదా వేయాలి. ఇది నా ఖచ్చితమైన అభిప్రాయం.

సముద్రం మోసం చేసే తీరు పిల్లలకు ముందే చెప్పండి. పెద్ద అలలు విరుగుతున్న చోట అందరూ భయపడతారు. రెండు అలల వరుసల మధ్య నీరు నెమ్మదిగా, కాస్త ముదురు రంగులో, అలలు లేకుండా కనిపించే చోట దిగుతారు. చాలాసార్లు అక్కడే ప్రమాదం. ఒడ్డుకు వచ్చిన నీరంతా తిరిగి లోపలికి పోయే దారి అది. ఈత వచ్చినవాడినీ లాక్కుపోతుంది. అందులో చిక్కితే ఒడ్డుకు ఎదురీదకూడదు, అలసిపోతారు. నీటిమీద తేలుతూ, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, ఆ ప్రవాహం దాటాక ఒడ్డుకు రావాలి. చేయి ఎత్తి పిలవాలి. పట్టుకోవడానికని ఇంకొకడు దూకకూడదు. తాడో, ఖాళీ డబ్బానో, ట్యూబో విసరాలి. ఒకరి కోసం ఇద్దరు పోయిన కథలు మన తీరంలో చాలానే ఉన్నాయి.

ఆస్ట్రేలియాలో కాపలాదారులు ఉండే బీచ్‌లలో ఎరుపు, పసుపు రంగుల జెండాలు రెండు పాతుతారు. వాటి మధ్యనే స్నానం చేయాలి. అక్కడ పుట్టిన మన మనుమలకు ఈ సంగతి చిన్నతనం నుంచే తెలుసు. మన తీరంలో చాలా చోట్ల జెండాలు లేవు. వల బాగుచేసుకుంటున్న మత్స్యకారుడే మన జెండా. "అన్నా, ఇక్కడ దిగవచ్చా?" అని అడగండి. ఆయన వద్దంటే వద్దు. మోకాలి లోతు దాటవద్దంటే దాటవద్దు. చదువుకున్నవారికి ఆ మాట వినడం కష్టమని తెలిసే వ్రాస్తున్నాను.

ఎప్పుడు వెళ్ళాలన్నది ఇంకొక ప్రశ్న. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు తుపానుల కాలం. రేడియోలోనో ఫోనులోనో వాతావరణ వార్త చూసి, రేవులో ఒకటో నంబరు హెచ్చరిక ఎగురవేశారన్నా ప్రయాణం మానండి. జనవరి, ఫిబ్రవరి నెలలు మేలు. 2004 డిసెంబరు 26న, క్రిస్మస్ మర్నాడు, ఆదివారం ఉదయం సునామీ వచ్చినప్పుడు మంగినపూడి కూడా దెబ్బతిన్నది. ఆంధ్ర తీరంలో నూరుమందికి పైగా పోయారు. సముద్రం హఠాత్తుగా వెనక్కి పోయి నేల బయటపడితే గవ్వలేరుకోవడానికి ముందుకు పోకూడదు, ఊరివైపు పరుగెత్తాలి. ఇది పిల్లలకు ఒక్కసారి చెప్పినా చాలు.

ట్రాక్టరు ట్రక్కులో జనాన్ని ఎక్కించుకుని వెళ్ళే పద్ధతి మన పల్లెల్లో ఇంకా ఉంది. దయచేసి మానుకోండి. అది ధాన్యం మోసే బండి. ఆరుగురు పట్టే ఆటోలో పదిహేనుమందిని కుక్కడమూ అంతే. సాయంకాలం నాలుగున్నరకు ఒడ్డు నుంచి బయలుదేరితే చీకటి పడేలోగా పెద్ద రోడ్డు ఎక్కవచ్చు. కరకట్ట మీద రాత్రి ప్రయాణం వద్దు. ఆదివారం ఆరాధన ఎగ్గొట్టి వెళ్ళడం నాకు సమ్మతం కాదు. రెండో శనివారం ఉంది, సంక్రాంతి సెలవులున్నాయి. ఆదివారమే వీలైతే తెల్లవారుజామునే బయలుదేరి దివిసీమలోని ఏదో ఒక సంఘంలో ఆరాధనలో కూర్చోండి. ముందుగా కబురు పెడితే ఎంతో సంతోషిస్తారు. చేపల పులుసు తినకుండా పంపరు.

అపొస్తలుల కార్యములు 21వ అధ్యాయంలో తూరు పట్టణపు సంగతి చదివే ఉంటారు. పౌలు ఓడ ఎక్కబోతుంటే అక్కడి శిష్యులు భార్యాబిడ్డలతో సహా ఊరి వెలుపలికి వచ్చి, సముద్రపు ఒడ్డున మోకరించి ప్రార్థించారు. పిల్లలను కూడా తీసుకువచ్చారని లూకా ప్రత్యేకంగా వ్రాయడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. మన కుటుంబాలు ఒడ్డుకు చేరిన తరువాత ఎవరైనా పెద్దవారు ఆ భాగం చదివి వినిపిస్తే బాగుంటుంది. అమ్మమ్మ పాదాలను అల తాకే ఆ మొదటి క్షణంలో మాత్రం ఫోను జేబులో పెట్టి ఆమె చేయి పట్టుకోండి. అల వెనక్కి పోతూ కాళ్ళ కింద ఇసుక లాగినప్పుడు తల తిరిగినట్లయి పెద్దవారు పడిపోతారు.

వచ్చే నెల పులిగడ్డ - పెనుమూడి వంతెన దాటి రేపల్లె, బాపట్ల, చీరాల వైపు వెళదాం. ఆ దారిలో వెళ్ళి వచ్చిన కుటుంబాలు ఖర్చు ఎంతయిందో, ఎక్కడ మంచినీరు దొరికిందో ఒక కార్డు మీద వ్రాసి పంపితే అందరికీ ఉపయోగం.